మార్జిన్లో కొట్టేసిన లెక్క

ఆదిలక్ష్మి టీచర్ ముందు ట్యూషన్ అన్న మాట ఎత్తకూడదు. ఎత్తారా, ఆ పూట ఇంక వేరే మాట సాగదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పొద్దుటి ప్యాసింజర్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. రోజూ మూడో పెట్టెలో పాతికమంది దాకా టీచర్లు ఎక్కుతారు. కొందరు టిఫిన్ డబ్బాలు విప్పుతారు, కొందరు పేపర్లు దిద్దుకుంటారు, మిగిలినవాళ్ళు లోకాన్ని దిద్దుతారు. ఆదిలక్ష్మి పేపర్లనీ లోకాన్నీ ఒకేసారి దిద్దగలదు.

ట్యూషన్ మీద ఆ పెట్టెలో ఎవరి అభిప్రాయం వాళ్ళది. బ్రహ్మానందం మాస్టారికి రిటైర్మెంటు ఇంకో రెండేళ్ళుంది. పీరియడ్ నలభై ఐదు నిమిషాలన్నది కాగితం మీది మాటేననీ, హాజరూ, ఫోన్లో ఎక్కించాల్సిన ఫొటోలూ పోను చేతికి మిగిలేది పాతిక నిమిషాలనీ, అంత కాసేపట్లో నలభైమందికి లెక్కలు నేర్పడం దేవుడి తరం కూడా కాదనీ ఆయన వాదన. వేమూరులో ఎక్కే కావేరి రేపల్లె టౌన్లో లెక్కలే చెప్తుంది, కొడుకుని మాత్రం ట్యూషన్‌కి పంపిస్తుంది. ఇంట్లో తనే చెప్పబోతే రెండో లెక్కకే వాడి వీపు విమానం మోత మోగుతోందనీ, తల్లీకొడుకుల మధ్య మాటలు మిగలాలంటే ట్యూషన్ తప్పదనీ సిగ్గుపడకుండా ఒప్పుకుంటుంది.

అందరికీ ఆదిలక్ష్మి దగ్గర ఒకటే సమాధానం. క్లాసులో చెప్పాల్సింది క్లాసులో చెప్తే ట్యూషన్ దేనికి? అంగలకుదురులో రైతుబిడ్డగా పెరిగిన మనిషి. చేలో చెయ్యాల్సిన పని గట్టుమీద కూచుని చేస్తానంటే వాళ్ళ నాన్న ఊరుకునేవాడు కాదట. ఇదంతా చెప్పి, చివర్న కళ్ళజోడు సర్దుకుని తన మాట వదులుతుంది.

“మా పదో తరగతిలో ఒక్కరంటే ఒక్కరు ట్యూషన్‌కి వెళ్ళరండి.”

ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. పెళ్ళిలో కూడా అంత వెలుగు లేదని కావేరి ఏడిపించేది.

ఆవిడ పనిచేసేది రేపల్లె దాటి, ఆటోలో అరగంట పోతే వచ్చే రేవు ఊళ్ళో. పిల్లల తండ్రులు వేటకి వెళ్తారు, తల్లులు చేపలమ్ముతారు. ఏటా జూన్‌లో, పదో తరగతి మొదటిరోజున ఆవిడ పాఠం చెప్పదు. లెక్కల పుస్తకం మీద చెయ్యి పెట్టించి, ట్యూషన్‌కి వెళ్ళబోమని అందరిచేతా ఒట్టు వేయించుకుంటుంది. మూడేళ్ళ కిందట బాబీ అనే పిల్లాడు ఒట్టు వెయ్యకుండా, ‘నేను వెళ్తున్నాను టీచర్’ అని అమాయకంగా చెప్పేశాడు. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. ‘సరే నాన్నా, నేను చెప్పేది నీకు చాలట్లేదు కాబట్టి నీ నోట్సు కూడా అక్కడే దిద్దించుకో’ అంది. అన్నట్టే ఆ ఏడాదంతా వాడి నోట్సు ముట్టుకోలేదు, వాడి వంక చూసి ఒక ప్రశ్న అడగలేదు. ఆవిడ దాన్ని మర్చిపోయింది. పిల్లలు మర్చిపోలేదు. బాబీ తర్వాత వచ్చిన పిల్లలందరూ జూన్‌లో బుద్ధిగా ఒట్టు వేశారు.

ఈ ఫిబ్రవరిలో బాపట్ల నుంచి ఒక ఫారం వచ్చింది. ట్యూషన్ల గురించి జిల్లాలో లెక్కల టీచర్లు ఏమనుకుంటున్నారని ఇరవై ప్రశ్నలు. మీ తరగతిలో ఎంతమంది ట్యూషన్‌కి వెళ్తున్నారన్నది ఏడోది. ఆదిలక్ష్మి అక్కడ గుండ్రంగా, అందంగా సున్నా చుట్టింది. జిల్లా మొత్తంలో సున్నా చుట్టింది ఆవిడొక్కతే. దాంతో పై అధికారి ముచ్చటపడి స్వయంగా ఫోన్ చేశారు. శనివారం బాపట్లలో సమావేశం ఉంది, మీరొచ్చి మాట్లాడాలి, ట్యూషన్ మొహం చూడకుండా నూటికి నూరు తెచ్చుకునే పిల్ల ఉంటే ఆ పిల్లచేత కూడా నాలుగు ముక్కలు చెప్పించాలి అన్నారు.

అలాంటి పిల్ల ఉంది. పేరు తేజస్విని. తండ్రి దానయ్య సొంత పడవ మీద వేటకి పోతాడు, పిల్లది నానమ్మ వీరరాఘవమ్మ పెంపకం. లెక్కల్లో నూటికి ఒక్క మార్కు తగ్గితే ఆ రోజు అన్నం తినదు. ఆదిలక్ష్మి ఆ పిల్లకి ఇంగ్లీషులో ఒక పేజీ రాసిచ్చింది. నేనెప్పుడూ ట్యూషన్‌కి వెళ్ళలేదు, నాకు మా టీచరే చాలు అని మొదలయ్యే పేజీ. పిల్ల రెండు రోజుల్లో కంఠతా పట్టి, తడుముకోకుండా అప్పజెప్పింది.

గురువారం పొద్దున బండి తెనాలి దాటగానే ఆదిలక్ష్మి ప్రీ-ఫైనల్ పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుంది. మొత్తం ముప్ఫై నాలుగు పేపర్లు. మూడు నోట్‌బుక్కులూ ఐదు పెన్నులూ కలిపి నూట డెబ్భై, ఐదు నోట్‌బుక్కులూ మూడు పెన్నులూ కలిపి రెండు వందల ముప్ఫై, ఒక్కోటి ఎంత అని ఒక లెక్క ఇచ్చింది. తను నేర్పిన పద్ధతి ఉంది కదా, పైదాన్ని ఐదుతోనూ కిందదాన్ని మూడుతోనూ గుణించి, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే అరపేజీలో జవాబు వస్తుంది. పిల్లలు అలాగే చేశారు. కానీ కుడిపక్క మార్జిన్లో, చిత్తులెక్కలు చేసుకునే చోట, ఏదో రాసి రెండు ఏటవాలు గీతలు పెట్టి కొట్టేశారు. మొదటి పేపర్లో పట్టించుకోలేదు. రెండో పేపర్లోనూ అవే గీతలు ఉన్నాయి. మూడోదాంట్లో కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని చదివింది.

రెండూ కలుపు, ఎనిమిది నోట్‌బుక్కులు, ఎనిమిది పెన్నులు, నాలుగు వందలు. అంటే జతకి యాభై. రెండిటికీ తేడా చూడు, రెండు నోట్‌బుక్కులు రెండు పెన్నులకంటే అరవై ఎక్కువ. ఒక్కదానికి ముప్ఫై ఎక్కువ. నలభై, పది. అయిపోయింది.

చూపు అక్కడే ఆగిపోయింది. ముందు కలిగింది కోపం కాదు, సంతోషం. అబ్బ, ఎంత తేలిగ్గా విడిపోయింది! ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే లెక్క చెప్తూ ఈ దారి తనకెందుకు తట్టలేదు? తర్వాత గుర్తొచ్చింది, ఇది తను చెప్పింది కాదు. గబగబా కట్టంతా తిరగేసింది. ఇరవై ఏడు పేపర్ల మార్జిన్లలో అదే దారి, అదే కొట్టివేత. కాపీ అనుకుందామంటే పిల్లలు రెండు గదుల్లో కూచుని రాశారు.

వేమూరులో ఎక్కిన కావేరి పక్కన కూచుని, ఒంగి చూసి నవ్వేసింది. ఇది రూబీ లెక్క కదా, మా స్కూల్లో కూడా మీ రేవు నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు ఇలాగే చేస్తారు, రూబీ ట్యూషన్లో నేర్చుకున్నామంటారు అంది. అనేశాక ఆదిలక్ష్మి మొహం చూసి నాలిక కరుచుకుంది. ఎదురు సీట్లో బ్రహ్మానందం మాస్టారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అంటే పెట్టె మొత్తానికీ తెలుసు. ఇన్నాళ్ళూ తను ఒక్కరంటే ఒక్కరు లేరని గొప్పలు పోతుంటే, వీళ్ళంతా పాపం అని ఊరుకున్నారు. ఆదిలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. రేపల్లె వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూచుంది.

ఆ సాయంత్రం బడి వదిలాక ఆటో ఎక్కకుండా రేవు వైపు నడిచింది. రూబీ ఇల్లు అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించారు. వరండా ముందు చెప్పుల గుట్ట. పిన్నీసు గుచ్చిన నీలం చెప్పులు చూడగానే పోల్చుకుంది, అవి తేజస్వినివి. లోపల్నుంచి అప్పటిదాకా సంతలా వినిపించిన గోల టక్కున ఆగిపోయింది. ఎవరో కిటికీలోంచి చూసుంటారు. అన్ని జతల చెప్పులు బయట పెట్టుకుని, లోపల ఒక్కరు కూడా తుమ్మకుండా ఊపిరి బిగబట్టుకున్నారు. ఇంకో రోజైతే ఆదిలక్ష్మికి నవ్వొచ్చేది.

తలుపు చేరవేసి బయటికొచ్చిన రూబీకి పాతికేళ్ళుంటాయేమో. మొగుడు ఎజ్రా పడవల మీద పనికి పోతే, తను దూరవిద్యలో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు పిల్లలకి చెప్తోంది. చేతికి సుద్దపొడి, మొహంలో భయం. పిల్లలెవరూ లేరండి అనబోయి చెప్పుల వంక చూసి ఆగిపోయింది.

ఆదిలక్ష్మి లోపలికి వస్తాననలేదు. ఆ కలిపి తీసేసే లెక్క ఎవరు నేర్పారని మాత్రం అడిగింది.

“ఎవరూ నేర్పలేదండి. పెళ్ళికి ముందు మా ఊళ్ళో, పదిలో నేను లెక్కలు రెండుసార్లు తప్పానండి. ఆ ఐదుతో గుణించు, మూడుతో గుణించు అన్న దగ్గరే ప్రతిసారీ బోల్తా పడేదాన్ని. ఇంకే దారీ లేక ఇది వెతుక్కున్నాను” అంది రూబీ.

“మరి కొట్టెయ్యమని ఎవరు చెప్పారు?”

రూబీ తల దించుకుంది. “నేనేనండి. జవాబు ఇలా తెలుసుకుని, పేపర్లో మాత్రం మీ పద్ధతే రాయమన్నాను. మీకు తెలిస్తే బాధపడతారని, పిల్లల నోట్సులు దిద్దరని...”

ఆ చివరిమాట ఆదిలక్ష్మికి వెంటనే అందలేదు. ఆటోలో సగం దూరం వచ్చాక బాబీ గుర్తొచ్చాడు. వాడి మొహం గుర్తుచేసుకుందామంటే సరిగ్గా రాలేదు, అట్ట చిరిగిన నోట్సు పట్టుకుని టేబుల్ దగ్గర నిలబడటం మాత్రం గుర్తొచ్చింది. ఆ ఏడాది వాడెలా పాసయ్యాడో, అసలు పాసయ్యాడో లేదో కూడా తనకి తెలియదు.

శుక్రవారం క్లాసులో ఏమీ అనలేదు. ఏమీ జరగనట్టు పాఠం చెప్పింది, పిల్లలూ ఏమీ జరగనట్టు విన్నారు. ఇంతమంది ఇంత బాగా నటిస్తున్న క్లాసులో ఇన్నేళ్ళూ తనేం చెప్పిందో ఆవిడకే అర్థం కాలేదు. అయినా లోపల ఒక బుద్ధి పీకుతూనే ఉంది. బాపట్లలో రూబీ ఎవరో ఎవరికి తెలుసు? సున్నా సున్నాలాగే ఉంటుంది. పిల్ల పేజీ అప్పజెప్తుంది, నలుగురూ చప్పట్లు కొడతారు, ఇంటికి రావచ్చు. పెట్టెలో వాళ్ళంటారా, ఇన్నాళ్ళూ ఊరుకున్నవాళ్ళు ఇంకో రోజు ఊరుకోరా?

శనివారం పొద్దున దానయ్య కూతుర్ని రేపల్లె స్టేషన్లో బండెక్కించాడు. తెనాలిలో ఆదిలక్ష్మి కలిసింది, ఇద్దరూ బాపట్ల వెళ్ళే బండెక్కారు. పిల్ల తలకి నూనె పెట్టి గట్టిగా రెండు జడలు వేసుకుంది. భుజాన పుస్తకాల సంచి, చేతిలో పేజీ, ఒళ్ళో స్టీలు డబ్బా. టీచరుగారికి కూడా పెట్టమని నానమ్మ దిబ్బరొట్టె కాల్చి ఇచ్చిందట.

బండి కదిలిన కాసేపటికి ఆదిలక్ష్మి ఉండబట్టలేక అడిగేసింది.

“రూబీ దగ్గరికి ఎన్నాళ్ళ నుంచి వెళ్తున్నావమ్మా?”

తేజస్విని మొహంలో రంగు పోయింది. పేజీ మడిచింది, విప్పింది. ఏడో క్లాసు నుంచి అంది, వినీ వినిపించకుండా.

“నన్నెందుకు అడగలేదే? నేను చెప్పనా?”

“చెప్తారు టీచర్. కానీ మీరు ‘అర్థమైందా’ అని అడుగుతారు. అందరూ అయిందంటారు, నేనూ అంటాను. రూబీ అక్క ‘ఎక్కడ అర్థం కాలేదు’ అని అడుగుద్ది.”

అని, టీచర్ మొహం చూసి కంగారుపడింది. ఇంకాస్త దగ్గరికి జరిగి, తనే పెద్దదైనట్టు ధైర్యం చెప్పింది.

“మీరేం భయపడకండి టీచర్. అక్కడ నేను చెప్పనుగా. ఇన్నేళ్ళు ఎవరికీ తెలీకుండా చూశాను. ఈ పేజీ కూడా తడబడకుండా చెప్తాను.”

ఆదిలక్ష్మికి ఈ పిల్లకి తను ఏం నేర్పిందో ఇప్పుడు తెలిసింది. నూటికి నూరు తెచ్చుకోవడం రూబీ నేర్పింది, తడబడకుండా అబద్ధం చెప్పడం తను నేర్పింది. పిల్ల చేతిలోంచి పేజీ తీసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టేసింది.

బాపట్లలో సమావేశం ఒక బడి హాల్లో జరిగింది. ముందు నలుగురైదుగురు మాట్లాడారు. ట్యూషన్ల వల్ల బడి మీద గౌరవం పోతోందని ఒకరు, బడి సరిగ్గా లేకే ట్యూషన్ వచ్చిందని ఇంకొకరు. ట్యూషన్‌కి వెళ్ళే పిల్లలు క్లాసులో నిద్రపోతారని ఒకాయనంటే, వెళ్ళనివాళ్ళు కూడా నిద్రపోతున్నారని వెనకనుంచి బ్రహ్మానందం మాస్టారు అనేసరికి హాలంతా నవ్వింది. అప్పుడు అధికారి మైకు అందుకుని, మన జిల్లాలో ట్యూషన్ అక్కర్లేని క్లాసు ఒకే ఒక్కటుంది అంటూ ఆదిలక్ష్మిని పిలిచారు. తేజస్విని కూడా లేవబోయింది. ఆదిలక్ష్మి భుజం మీద చెయ్యి వేసి కూచోబెట్టి, ఒక్కతే స్టేజీ ఎక్కింది.

“నా ఫారం ఒకసారి ఇస్తారాండి? అందులో తప్పుంది” అంది.

ఎవరో ఫైల్లోంచి వెతికి ఇచ్చారు. పర్సులోంచి ఎర్రపెన్ను తీసి, ఏడో ప్రశ్న దగ్గర సున్నాని అడ్డంగా కొట్టేసి, పక్కన ఇరవై ఏడు వేసింది. మార్కులు మార్చినప్పుడు పెట్టినట్టే పక్కన పొట్టి సంతకం పెట్టింది. ఆ తర్వాత మైకు దగ్గరికొచ్చింది. మా ముప్ఫై నాలుగు మందిలో ఇరవై ఏడుగురు ట్యూషన్‌కి వెళ్తున్నారని చెప్పింది. వెళ్తే నోట్సు దిద్దనని ఒకప్పుడు ఒక పిల్లాణ్ణి బెదిరించిన సంగతీ, అన్నట్టే దిద్దకపోయిన సంగతీ, దానికి భయపడి ఇప్పటి పిల్లలు సరైన లెక్కల్ని మార్జిన్లో చేసుకుని కొట్టేస్తున్న సంగతీ చెప్పింది. అధికారి మొహం ముడుచుకుని, ఇంతకీ ట్యూషన్ ఉండాలంటారా, వద్దంటారా, అభిప్రాయం చెప్పండి అన్నారు.

“ఇన్నాళ్ళూ నాకు గట్టి అభిప్రాయమే ఉందండి. దానివల్లే పిల్లలు నన్ను డౌటు అడగడం మానేశారు. ముందు వాళ్ళని అడగనివ్వండి, తర్వాత చెప్తాను” అని దిగొచ్చేసింది.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. తేజస్వినిని ఎవరూ స్టేజీ మీదికి పిలవలేదు.

మధ్యాహ్నం తెనాలి చేరి, రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూచున్నారు. ఆవిడ ఇల్లు తెనాలిలోనే, కానీ పిల్లని తండ్రికి అప్పజెప్పేదాకా ఆవిడకి మనసొప్పలేదు. డబ్బా విప్పితే సగం రొట్టె మిగిలింది. పిల్ల ముక్క తుంచబోయి, ఆగి, చాలాసేపటి నుంచి నోట్లో పెట్టుకున్న మాట బయటపెట్టింది.

“టీచర్, ఒకటి అడగనా? రూబీ అక్కకీ తెలీదంట. భిన్నాల్ని భాగించేటప్పుడు రెండోదాన్ని తిరగేసి గుణించమంటారు కదా. ఎందుకు తిరగెయ్యాలి?”

నూటికి నూరు తెచ్చుకునే పిల్ల ఆరో తరగతి డౌటు ఇప్పుడడుగుతోంది! ఆదిలక్ష్మి ఇరవై ఎనిమిదేళ్ళుగా తిరగేసి గుణించండి అంటూనే ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. కాస్త ఆలోచించి డబ్బా ముందుకు లాగింది. నిండు రొట్టెలో పావు ముక్కలు ఎన్నొస్తాయని అడిగింది. నాలుగంది పిల్ల. మరి ఈ సగంలో? రెండు. పావుతో భాగించడమంటే పావు ముక్కలు ఎన్నున్నాయో చూడటమే. ఒక్కో రొట్టెకి నాలుగొస్తాయి కాబట్టి, ఎంత రొట్టె ఉంటే దాన్ని నాలుగుతో గుణిస్తాం. తిరగెయ్యడమంటే అదే.

తేజస్విని రొట్టె వంక చూసింది, టీచర్ వంక చూసింది. “ఇంతేనా?” అంది. ఆ మొహంలో వెలుగు చూశాక ఆదిలక్ష్మికి సంతోషం ఎంతో దుఃఖమూ అంతే వచ్చింది.

బండొచ్చింది. అలవాటుకొద్దీ మూడో పెట్టె ఎక్కారు. ఇంకోటి అడగనా అంటూ పిల్ల మొదలుపెట్టింది. బ్యాగులోని ఇంగ్లీషు పేజీ తీసి, వెనక్కి తిప్పి, ఒక్కో డౌటుకీ నంబరు వేస్తూ ఆదిలక్ష్మి చెప్పుకుంటూ పోయింది. వేమూరు దాటేసరికి నాలుగు డౌట్లయ్యాయి. ఒకదానికి జవాబు తట్టక, సోమవారం చూసి చెప్తానని చుక్క పెట్టుకుంది. రేపల్లె దగ్గరపడుతుంటే పిల్ల ఉన్నట్టుండి మాట ఆపేసింది.

“ఆఖరిది అడగనా టీచర్?”

“అడుగు.”

“మేం ట్యూషన్‌కి వెళ్తామని తెలిసినా, సోమవారం నుంచి మా నోట్సులు దిద్దుతారా?”

ఆదిలక్ష్మికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాబీకి చెప్పాల్సిన జవాబు ఇది, మూడేళ్ళు ఆలస్యమైంది. పర్సులో చెయ్యిపెట్టి ఎర్రపెన్ను తీసింది.

“సోమవారం దాకా దేనికే? నోట్సు ఇటివ్వు” అంది.